‘సెట్’ అనే ఒక్క మాటకు ఇన్ని అర్థాలా? మా సాయంత్రం బ్యాచ్‌లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లా కావలిలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. బ్యాచ్‌లో పదో తరగతి పిల్లలుంటారు, నర్సింగ్ అమ్మాయిలుంటారు, ఫ్యాన్సీ షాపు కుర్రాళ్లుంటారు, రొయ్యల గుంటల మీద సూపర్‌వైజర్లుంటారు. బ్యాచ్ మారినా ఒక మాట మీద సందేహాలు మాత్రం మారవు. అదే ‘సెట్’. రాత్రి పదింటికి వాట్సాప్‌లో అదే ప్రశ్న, నేను టైపు చేసేది అదే జవాబు. ఈ వేసవి సెలవుల్లో కూర్చుని అన్నీ ఒకచోట రాసేశాను. మొదటి నుంచి చివరిదాకా చదవాలనేం లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గర ఆగి చదువుకోండి. ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను, చదువుతూనే నోటితో పలకడానికి వీలుగా ఉంటుందని.

## మొదటి వారంలో వచ్చే సందేహాలు

మేడం, ఒక్క ముక్కలో చెప్పండి, ‘సెట్’ అంటే ఏంది?

‘పెట్టు’. ఇంకొంచెం నిక్కచ్చిగా అంటే, ఉండాల్సిన చోట ఉండాల్సిన తీరులో పెట్టడం. అలారం పెట్టాం, పెళ్లికి తేదీ పెట్టాం, ఎలుకలకు బోను పెట్టాం, సరుకుకు ధర పెట్టాం, గడ్డివామికి ఎవరో నిప్పు పెట్టారు, పదేళ్ల తర్వాత ఊళ్లో అడుగు పెట్టాడు. వీటన్నిటికీ ఇంగ్లీషులో ‘సెట్’ సరిపోతుంది.

అలాగని ‘పెట్టు’ కనబడిన ప్రతిచోటా ‘సెట్’ వేసేయకండి. అన్నం పెట్టడం ‘సర్వ్’, బిడ్డకు పేరు పెట్టడం ‘నేమ్’, కోడి గుడ్డు పెట్టడం ‘లే’, డబ్బు ఖర్చు పెట్టడం ‘స్పెండ్’. మన ‘పెట్టు’ కూడా సామాన్యమైంది కాదు. దాని అర్థాలు ఎన్నో తేల్చాలంటే లెక్క కూడా ‘పెట్టాల్సిందే’ కదా.

దీనికి 430 అర్థాలున్నాయని ఎక్కడో చదివాను, నిజమేనా?

నిజమే, కాకపోతే పాత లెక్క. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియకు 430 అర్థాలిచ్చారు. ఆ ఒక్క మాట వివరణే దాదాపు 60,000 పదాలు. మొత్తం నిఘంటువులో అంత పొడవైన వివరణ ఇంకో మాటకు లేదు. తర్వాత మూడో కూర్పు కోసం మాటల్ని ఒక్కొక్కటిగా తిరగరాస్తూ వచ్చారు. అందులో 2011 నాటికి ‘రన్’ క్రియ 645 అర్థాలతో ముందుకెళ్లింది. కాబట్టి క్విజ్‌లో అడిగితే ఏ కూర్పు ప్రకారమో కూడా చెప్పండి.

మీకు రోజూ పనికొచ్చేవి పాతికకు మించవు. టీచర్‌గా మొదటి ఏడాది నేను 60 అర్థాలు జిరాక్స్ తీయించి బట్టీ పట్టమన్నాను. తర్వాతి వారం అడిగితే ఎవరికీ రెండు మించి గుర్తులేవు. ఆ కాగితాలు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

‘సిట్’, ‘సెట్’ ఒకేలా వినబడతాయి. వాటికేమన్నా చుట్టరికం ఉందా?

ఉంది, దగ్గరి చుట్టరికమే. పాత ఇంగ్లీషులో ‘సిట్టన్’ అంటే కూర్చోవడం, ‘సెట్టన్’ అంటే కూర్చోబెట్టడం. మనకు కూర్చో, కూర్చోబెట్టు ఉన్నట్టే. తనంతట తాను చేస్తే ‘సిట్’, ఇంకో దాని చేత చేయిస్తే ‘సెట్’. ఇలాంటి జతలు ఇంగ్లీషులో ఇంకొన్ని మిగిలాయి: పడడం ‘ఫాల్’, చెట్టును పడగొట్టడం ‘ఫెల్’, లేవడం ‘రైజ్’, లేపడం ‘రెయిజ్’.

పలికేటప్పుడు మాత్రం జాగ్రత్త. మా కుర్రాడొకడు ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లి కంగారులో ‘మే ఐ సెట్, సార్?’ అన్నాడు. ఎదురుగా ఉన్నాయన నవ్వి కుర్చీ చూపించాడట. ‘సి’ని ‘సె’ అంటే మీరు కూర్చోవడం కాదు, ఏదో కూర్చోబెడతాననడం అవుతుంది.

మరి గిన్నెల సెట్, స్పూన్ల సెట్ అంటాం కదా, అందులో పెట్టడం ఎక్కడుంది?

లేదు. అది పుట్టుకలో వేరే మాట. లాటిన్‌లో ‘సెక్టా’ అంటే ఒకరి వెంట నడిచే అనుచరుల గుంపు. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘సెట్’ అయింది. మతశాఖకు వాడే ‘సెక్ట్’ కూడా అక్కడి నుంచి వచ్చిందే. వచ్చాక పెట్టడం అనే ‘సెట్’తో పలుకులోనూ అర్థంలోనూ కలిసిపోయింది. సంగం దగ్గర పెన్నలో ఏర్లు కలిశాక ఏ నీళ్లు ఏ ఏటివో ఎవరు చెప్పగలరు? ఇదీ అంతే.

ఈ అర్థంలో గుర్తుంచుకోవాల్సింది, సెట్ అంటే ఊరికే గుంపు కాదు. ఒకదానికొకటి చెందినవి, ఒకటి తగ్గితే లోటు కనబడేవి. ఉదయగిరి చెక్క స్పూన్లు ఆరు ఒక డబ్బాలో కొంటే అది సెట్. అంగట్లో కుప్పగా పోసినవి ‘హీప్’ లేదా ‘పైల్’. చెప్పులు రెండే కాబట్టి ‘పెయిర్’. అరటి పళ్లు గెలనుంచి వచ్చినవి కాబట్టి ‘బంచ్’. తాళాలకు ‘బంచ్’, ‘సెట్’ రెండూ అంటారు, కానీ ‘స్పేర్ సెట్’ అంటే ఇంటికి కావాల్సిన తాళాలన్నీ ఇంకోసారి ఉన్నాయని అర్థం.

నిన్న జరిగినదానికి ‘సెట్టెడ్’ అనాలా?

వద్దు, అలాంటి మాటే లేదు. నిన్నైనా నేడైనా ‘సెట్’ మారదు. ‘కట్, పుట్, హిట్, లెట్, షట్’ అన్నీ ఈ బాపతే. ‘హి సెట్ ది అలారం’ అంటే నిన్నటి సంగతే, ఎందుకంటే ఈరోజు అలవాటు గురించైతే ‘హి సెట్స్’ అని చివర ‘స్’ రావాలి. నేను, మీరు, వాళ్లు అన్నప్పుడు ఆ ఆధారం కూడా దొరకదు. అప్పుడు ‘యెస్టర్‌డే’ లాంటి మాట ఒకటి తగిలిస్తే ఎదుటివాళ్లకు గందరగోళం ఉండదు.

‘పుట్’ ఉండగా ‘సెట్’ ఎందుకు?

గడియారంతో చూడండి. ‘పుట్ ది క్లాక్ ఆన్ ది టేబుల్’ అంటే గడియారాన్ని బల్ల మీద పెట్టడం. ‘సెట్ ది క్లాక్’ అంటే టైం సరిచేయడం. ‘పుట్’లో చోటు మారితే చాలు. ‘సెట్’లో అది సరిగ్గా కుదరాలి.

## ఇంట్లో, పొలంలో, పనిలో మాట్లాడేటప్పుడు

మైపాడు బీచ్‌లో సన్‌సెట్ చూశామని స్టేటస్ పెడితే అందరూ నవ్వుతున్నారు, ఎందుకు?

ఇంగ్లీషు తప్పేం లేదు, దిక్కు తప్పింది. మనది తూర్పు తీరం. మైపాడైనా, ఒంగోలు వాళ్ల కొత్తపట్నమైనా, సముద్రంలోంచి సూర్యుడు పైకొస్తాడు, అందులోకి దిగడు. సాయంత్రం మీ వీపు వెనక, భూమి వైపు, వెలిగొండల దిక్కున దిగుతాడు. బీచ్‌లో తీసుకున్న ఫొటోలో సముద్రం మీద సూర్యుడుంటే అది ‘సన్‌రైజ్’.

‘ది సన్ సెట్స్’ అన్నప్పుడు ‘సెట్’ అంటే దిగడం, అస్తమించడం. దీని వెనక కూర్చోబెట్టేవాళ్లెవరూ లేరు, సూర్యుడే దిగుతాడు. మనం పొద్దు గూకింది, పొద్దు వాలింది అంటామే, సరిగ్గా అదే.

పెరుగు తోడుకుంది అనడానికి ‘సెట్’ వాడొచ్చా?

నిక్షేపంగా. ‘ది కర్డ్ హాజ్ సెట్.’ ద్రవంగా ఉన్నది కదలకుండా గట్టిపడితే ‘సెట్’ అయినట్టు. జున్ను, జెల్లీ, ఐస్‌క్రీమ్ అన్నిటికీ పనికొస్తుంది. ఇంకా తోడుకోలేదంటే ‘ఇట్ హాజంట్ సెట్ యెట్’.

దీని మీదే ఒకమ్మాయి అడిగింది, మన చేపల పులుసు రాత్రికి వండి పొద్దున తింటే ముక్కకు పులుసు పట్టి రుచిగా ఉంటుంది కదా, దాన్నీ ‘సెట్’ అనొచ్చా అని. అనకూడదు. పులుసు ‘సెట్’ అయిందంటే ఇంగ్లీషువాళ్లు గడ్డకట్టిందనుకుని ముట్టుకోరు. రుచి పట్టిందనడానికి ‘ది ఫ్లేవర్స్ హావ్ సోక్డ్ ఇన్’ అంటే చాలు. పట్టడానికి, గట్టిపడడానికి మధ్య తేడా మామిడికాయ వేసి పులుసు పెట్టే ఊరివాళ్లకు ఒకరు చెప్పాలా?

సిమెంటు ఆరడం, సెట్ అవడం ఒకటేనా?

కాదు, పనిదగ్గర ఈ రెండూ కలిపేస్తే గోడకే నష్టం. ఆరడం అంటే నీళ్లు ఆవిరైపోవడం, అది ‘డ్రై’. సిమెంటు గట్టిపడేది నీళ్లు పోవడం వల్ల కాదు, నీళ్లతో కలిసి జరిగే రసాయనిక చర్య వల్ల. అదే ‘సెట్టింగ్’. మామూలు సిమెంటు పట్టడం మొదలవడానికి కనీసం 30 నిమిషాలు ఉండాలి, పట్టడం పూర్తవడానికి 600 నిమిషాలు దాటకూడదు అని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. కలిపిన మాలు పట్టడం మొదలయ్యాక మళ్లీ నీళ్లు పోసి కలపొద్దని మేస్త్రి అరిచేది అందుకే.

సెట్ అయ్యాక కూడా రోజుల తరబడి నీళ్లు కొడతాం, అది ‘క్యూరింగ్’. ఆరిపోవాలని కోరుకుంటే నీళ్లెందుకు కొడతాం? బిల్డింగ్ పనుల మీద గల్ఫ్ వెళ్లేవాళ్లు ఈ మూడు మాటలూ విడివిడిగా నేర్చుకోండి: సెట్, డ్రై, క్యూర్.

ఉంగరంలో రాయి పొదగడాన్ని ఏమంటారు? కోడిని పొదగేయడాన్ని ఏమంటారు?

రెండిటికీ ‘సెట్’. ఈ ప్రశ్న వచ్చిన రోజు నాకు పండగ.

నెల్లూరు ఆచారి వీధిలో బంగారంలో కెంపు పొదిగారనుకోండి, ‘ఎ రూబీ సెట్ ఇన్ గోల్డ్’. రాయిని పట్టుకుని ఉండే బంగారపు గూడు ‘సెట్టింగ్’. ఇక పల్లెలో పొదుగుకొచ్చిన పెట్ట కింద గుడ్లు వేసి కూర్చోబెట్టడం ‘సెట్ ఎ హెన్’. ఒక పెట్ట కింద వేసే గుడ్లన్నిటినీ కలిపి ‘ఎ సెట్టింగ్ ఆఫ్ ఎగ్స్’ అంటారు. 21 రోజులకు పిల్లలు. ఇంగ్లీషు దేశాల పట్నాల్లో ఇప్పుడు వాడుక తగ్గింది కానీ అక్కడి కోళ్ల పెంపకందారులకు బాగా తెలిసిన మాటే.

తెలుగులోనూ రాయి పొదుగుతాం, కోడీ పొదుగుతుంది. ఎక్కడి ఇంగ్లీషు, ఎక్కడి తెలుగు! నగల పనికీ గుడ్ల పనికీ రెండు భాషలవాళ్లూ ఒక్కొక్క మాటతోనే సరిపెట్టుకున్నారు. కదలకుండా, ఒద్దికగా, గూట్లో కుదురుకోవాలి అన్నదే రెండు చోట్లా సంగతి. ఇది ఎవరూ ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు, యాదృచ్ఛికం. చెప్పిన ప్రతిసారీ నాకు మాత్రం కొత్తగానే ఉంటుంది.

మాకు పొదలకూరు దగ్గర నిమ్మ తోట ఉంది. వ్యవసాయ అధికారి ‘ఫ్రూట్ సెట్’ తక్కువుంది అన్నాడు, ఆ సెట్ ఏ సెట్?

పిందె కట్టడం. పూసిన పూలన్నీ కాయలు కావు. పూత రాలకుండా నిలిచి, పిందెగా మారడాన్ని ‘ఫ్రూట్ సెట్’ అంటారు. ‘పూర్ ఫ్రూట్ సెట్’ అంటే పూత బాగానే ఉన్నా పిందె నిలవలేదు అని. గుంపు అనుకుని ‘ఎన్ని సెట్లు?’ అని అడగబోయాడట మావాడు, వాళ్ల నాన్న మోచేత్తో పొడిచి ఆపాడు.

పంపుసెట్, జనరేటర్ సెట్‌లో ‘సెట్’ ఎందుకు?

ఒక్క యంత్రం కాదు కాబట్టి. మోటారు, పంపు కలిపి ఒక పని చేసే జత పంపుసెట్. ఇంజను, కరెంటు తయారుచేసే భాగం కలిస్తే జనరేటర్ సెట్. రొయ్యల గుంటల దగ్గర కరెంటు పోతే, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది అదే. టీవీ సెట్ అన్న మాట ఉంది గానీ ఇప్పుడు ఎక్కువమంది ఊరికే టీవీ అనేస్తున్నారు.

వాలీబాల్‌లో సెట్ అంటే ఆటలో భాగమా, బంతి ఎత్తడమా?

రెండూను. 25 పాయింట్లకు ఆడేది ఒక సెట్, ఐదో సెట్ దాకా వస్తే అది 15కే. రెండిటిలోనూ రెండు పాయింట్ల తేడా ఉండాలి. స్మాష్ కొట్టేవాడికి వీలుగా బంతిని నెట్ పక్కన ఎత్తడాన్నీ ‘సెట్’ అంటారు. ఆ పని చేసేవాణ్ణి మన పల్లెల్లో లిఫ్టర్ అంటాం, ఇంగ్లీషు కామెంటరీలో ‘సెట్టర్’. టెన్నిస్‌లోనూ సెట్లుంటాయి. షటిల్‌లో మాత్రం ‘గేమ్’ అనాలి, సెట్ కాదు.

## సెట్ పక్కన చిన్న మాట చేరినప్పుడు

‘సెట్ ఆఫ్’, ‘సెట్ అవుట్’ రెండూ బయల్దేరడమేనా?

రెండూ బయల్దేరడమే. తెల్లారుజామున నాలుగింటికి తిరుపతికి బయల్దేరాం అంటే ఏదైనా వాడొచ్చు. ‘సెట్ అవుట్’లో మనసులో ఒక ఉద్దేశం పెట్టుకుని మొదలుపెట్టడం కూడా ఉంటుంది: ‘షి సెట్ అవుట్ టు లెర్న్ ఇంగ్లీష్’. ‘సెట్ ఆఫ్’కు ఇంకో రెండు పనులున్నాయి. దీపావళికి టపాకాయలు కాల్చడం ‘సెట్ ఆఫ్ క్రాకర్స్’. ఇవ్వాల్సింది, రావాల్సింది ఒకదాంతో ఒకటి చెల్లుకు చెల్లు చేసుకోవడం కూడా ‘సెట్ ఆఫ్’. ఈ చివరిది కామర్స్ పిల్లలకు పరీక్షలో వస్తుంది.

ముసురు పట్టింది అనడానికి ఇంగ్లీషులో ఏమంటారు?

‘ది రెయిన్ హాజ్ సెట్ ఇన్.’ వచ్చి, ఇక ఇప్పట్లో పోయేలా లేదు అనే భావం ‘సెట్ ఇన్’లో ఉంటుంది. జల్లు పడి వెలిసిపోతే ఈ మాట రాదు. మన జిల్లావాళ్లకు దీన్ని అక్టోబరు, నవంబరు ఆకాశం చూపించి చెబితే చాలు. మనకు వానలో పెద్ద వాటా ఇచ్చేది ఈశాన్య రుతుపవనాలే కదా. అవి పట్టుకున్నాయంటే ‘సెట్ ఇన్’. వాతావరణ శాఖ వాళ్లు వాడే ‘ఆన్‌సెట్’ కూడా ఇదే కుటుంబం, అంటే రాక, ఆరంభం. నైరుతి రుతుపవనాలు కేరళను తాకే మామూలు తేదీ జూన్ 1. ఆ తాకడాన్నే ఆన్‌సెట్ అంటారు.

వానకే కాదు, చలికి, నిస్సత్తువకు, పుండులో చీముకు కూడా ‘సెట్ ఇన్’ వస్తుంది. నర్సింగ్ అమ్మాయిలు ‘ఇన్ఫెక్షన్ హాజ్ సెట్ ఇన్’ గుర్తుంచుకోండి.

కోర్టు తీర్పును ‘సెట్ అసైడ్’ చేసిందంటే పక్కన పెట్టి తర్వాత చూస్తుందనా?

కాదు. ఇది చాలామంది పొరబడే చోటు. కోర్టు భాషలో ‘సెట్ అసైడ్’ అంటే కింది కోర్టు తీర్పునో, అధికారి ఉత్తర్వునో కొట్టేయడం. ఇక అది చెల్లదు. మన పేపర్లలో ఒక్కోసారి ‘పక్కన పెట్టింది’ అని రాస్తారు. చదివినవాళ్లు ఇంకా విచారణ మిగిలి ఉందేమో అనుకుంటారు. అమలు కాసేపు ఆపితే అది ‘స్టే’.

ఇంటి మాటల్లో మాత్రం ‘సెట్ అసైడ్’ అంటే నిజంగా పక్కన పెట్టడమే. నెలకు వెయ్యి రూపాయలు బిడ్డ చదువుకు పక్కన పెట్టడం, పిండిలో కొంత రేపటికి తీసిపెట్టడం లాంటివి. పొలం కేసు కాగితాలు చేతికొస్తే ఏ అర్థమో లాయర్ గారినే అడగండి, నన్ను కాదు.

ఇంటి ప్లాన్‌లో సెట్‌బ్యాక్ అన్నారు. అది ఎదురుదెబ్బ కాదా?

మాట ఒకటే, సంగతులు రెండు. వార్తల్లో సెట్‌బ్యాక్ అంటే వెనక్కి నెట్టే దెబ్బ, అంటే ఎదురుదెబ్బ. మునిసిపాలిటీ ప్లాన్‌లో సెట్‌బ్యాక్ అంటే స్థలం హద్దు నుంచి గోడ దాకా నాలుగు వైపులా వదలాల్సిన ఖాళీ. గోడను హద్దు నుంచి వెనక్కి పెట్టడం కాబట్టి ఆ పేరు. వదలకుండా కట్టి తర్వాత నోటీసు అందుకుంటే ఆ ఎదురుదెబ్బ సెట్‌బ్యాక్ వచ్చినట్టే.

‘సెట్ అప్’, ‘సెటప్’ ఒకటేనా?

విడగొట్టి రాస్తే చేసే పని: షాపు పెట్టడం, టెంటు వేయడం, ఫోన్ కొత్తగా సిద్ధం చేసుకోవడం. కలిపి రాస్తే ఆ ఏర్పాటు పేరు. ఒకణ్ణి కావాలని ఇరికించడాన్ని కూడా ‘సెట్ అప్’ అంటారు. ‘వాడంతా సెటప్పే’ అని మనం వెటకారంగా అనేది ఈ మూడో వాసనతోనే.

## మన తెలుగు ‘సెట్’ను ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే

‘ఈ చొక్కా నీకు బాగా సెట్ అయింది’ అంటే ఇంగ్లీషులో ‘ది షర్ట్ ఈజ్ సెట్’ అనొచ్చా?

అనకూడదు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ తడబడతారు. తెలుగులోకి వచ్చాక ‘సెట్’ మనిషి మారిపోయింది. కుదిరింది, నప్పింది, ఒప్పింది అన్న మాటలన్నిటి పనీ అదే చేస్తోంది. ఇంగ్లీషులో ఆ పనులకు వేరే మాటలున్నాయి. కొలత సరిపోతే ‘ఇట్ ఫిట్స్ యూ’. రంగు, తీరు నప్పితే ‘ఇట్ సూట్స్ యూ’. ప్యాంటుకు చొక్కా జత కుదిరితే ‘ఇట్ మ్యాచెస్’. ‘ఇట్ సెట్స్ యూ’ అంటే వాళ్లకు అర్థమే కాదు.

సంబంధం సెట్ అయింది, ఉద్యోగంలో సెట్ అయ్యాడు, నీళ్లు సెట్ కాలేదు... వీటికి?

ఒక్కొక్కటి వేరు. సంబంధం కుదిరితే ‘ది మ్యాచ్ ఈజ్ ఫిక్స్డ్’ అని మన దేశంలో చెల్లుతుంది, బయటివాళ్లకైతే ‘దే ఆర్ ఎంగేజ్డ్’ లేదా ‘ది మ్యారేజ్ హాజ్ బీన్ అరేంజ్డ్’ అనండి. ‘మ్యాచ్ ఫిక్సింగ్’ అన్నారంటే క్రికెట్ కేసనుకుంటారు. ఉద్యోగంలో కుదురుకుంటే ‘హి హాజ్ సెటిల్డ్ ఇన్’. ఇది ‘సెటిల్’, ‘సెట్’ కాదు. చెన్నై నీళ్లు పడకపోతే ‘ది వాటర్ డజంట్ అగ్రీ విత్ మి’. ఇద్దరికీ పొసగకపోతే ‘దే డోంట్ గెట్ అలాంగ్’.

ఇంట్లో మాత్రం హాయిగా తెలుగు ‘సెట్’ వాడుకోండి. దాన్ని తప్పనే పంతులమ్మను కాదు నేను. కానీ పడలేదు, పొసగలేదు, నప్పలేదు, కుదరలేదు అని నాలుగు వేరు వేరు సంగతులకు నాలుగు మాటలున్న భాషలో అన్నిటికీ ఒక్క ‘సెట్’ వేసుకుని తిరగడం చూస్తే కాస్త ఉసూరుమంటుంది.

‘ఆల్ సెట్’ అంటే?

అంతా సిద్ధం. ‘ఆర్ యూ ఆల్ సెట్?’ అని అడిగితే ‘యెస్, ఆల్ సెట్’ అనండి. అమెరికాలో హోటల్ వెయిటర్ అడిగితే ఇంకేమన్నా కావాలా అని అర్థం.

## పరీక్షలు, ఇంటర్వ్యూల ముందు

ఎంసెట్, పాలిసెట్, ఐసెట్... ఇవన్నీ ఏ సెట్?

ఏ సెట్టూ కాదు! అది మాటే కాదు, మూడు ఇంగ్లీషు పొడి అక్షరాలు: సీ, ఈ, టీ. అంటే కామన్ ఎంట్రన్స్ టెస్ట్. తెలుగులో రాస్తే రెండూ ‘సెట్’ అనే కనబడతాయి కాబట్టి తికమక. మెడిసిన్ సీట్లు నీట్‌కు వెళ్లిపోయాక 2021 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది: ఇంజనీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ. మన ఇళ్లల్లో మాత్రం ఇంకా ఎంసెట్టే.

లెక్చరర్ అర్హతకు రాసే ఏపీసెట్ ఇంకోటి. అందులో మొదటి అక్షరం ఎస్: స్టేట్ ఎలిజిబిలిటీ టెస్ట్. ఇంగ్లీషు అక్షరాల్లో అది అచ్చం మన ‘సెట్’లాగే ఉంటుంది, అర్థానికి మాత్రం సంబంధం లేదు.

క్వశ్చన్ పేపర్ మీద ‘సెట్ ఎ’, ‘సెట్ బి’ అని ఉంటుంది, పేపర్ ‘సెట్’ చేశారనీ అంటారు. ఏది ఏది?

పేపర్ తయారుచేయడం క్రియ, ‘సెట్ ఎ పేపర్’. చేసే ఆయన ‘పేపర్ సెట్టర్’. పక్కపక్క వాళ్లు చూసి రాయకుండా ప్రశ్నల వరస మార్చి ఇచ్చే రకాలు ‘సెట్లు’, ఇది నామవాచకం. జామెట్రీ బాక్స్‌లో ఉండే మూలమట్టాలను ‘సెట్ స్క్వేర్’ అంటారు, ఒకటి 45 డిగ్రీలది, ఇంకోటి 30, 60 డిగ్రీలది.

లెక్కల్లో సమితిని కూడా సెట్ అంటారు. అక్కడా గుంపేనా?

గుంపే, కానీ గట్టి షరతులతో. ఏది అందులో ఉందో ఏది లేదో అనుమానం లేకుండా చెప్పగలగాలి. ‘నెల్లూరు జిల్లాలోని మండలాలు’ అనేది సమితి. ‘నెల్లూరులోని మంచి మెస్సులు’ సమితి కాదు, ఎందుకంటే మంచిదేదో తేలేలోపు భోజనాల వేళ దాటిపోతుంది. వరస మారినా సమితి అదే. ఒకే పేరు రెండుసార్లు రాసినా ఒకటిగానే లెక్క. దుకాణంలో అయితే ఒకే రకం గ్లాసులు ఆరు కలిపి సెట్ అంటారు, లెక్కల మాస్టారు ఒప్పుకోరు.

పర్యాయపదాలు రాయమంటే సెట్‌కు ఏం రాయాలి?

ముందు వాక్యం చూడాలి. విడిగా ‘సెట్’ అని ఇచ్చి సినానిమ్ అడిగితే ప్రశ్నలోనే లోపం. తేదీ, ధర అయితే ‘ఫిక్స్’, ‘డిసైడ్’. వస్తువైతే ‘ప్లేస్’. గడియారమైతే ‘అడ్జస్ట్’. సిమెంటైతే ‘హార్డెన్’. సూర్యుడైతే ‘గో డౌన్’. గిన్నెలైతే ‘కలెక్షన్’. మనిషి అయితే ‘రెడీ’. మారని వేళలైతే ‘ఫిక్స్డ్’. మీరు ఎంచుకున్న మాటను వాక్యంలో పెట్టి చదవండి. ‘ది సన్ హార్డెన్స్ ఇన్ ది వెస్ట్’ అని వస్తే మీకే నవ్వొస్తుంది.

‘సెట్ ఇన్ స్టోన్’ అంటే చీమకుర్తి గ్రానైట్‌లో పొదిగారనా?

ఇక మార్చడానికి వీల్లేదు అని. ఎక్కువగా కాదు అనడానికే వాడతారు: ‘ది డేట్ ఈజ్ నాట్ సెట్ ఇన్ స్టోన్’. మనం ‘అదేమన్నా శిలాశాసనమా?’ అంటామే, అదే. మన ప్రాంతంవాళ్లకు శిలాశాసనం అంటే ఊరికే మాట కూడా కాదు. నెల్లూరు జిల్లాలో దొరికిన శాసనాలనే 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు.

అప్‌సెట్, ఆఫ్‌సెట్, మైండ్‌సెట్, రీసెట్?

అప్‌సెట్ అంటే తిరగబడింది, మనసైనా కడుపైనా. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో సిరా ప్లేటు నుంచి నేరుగా కాగితం మీదకు కాక, రబ్బరు షీటు మీద పడి అక్కడినుంచి కాగితం మీదకు వెళ్తుంది, పెళ్లి శుభలేఖలు చాలావరకు అలా అచ్చయ్యేవే. మైండ్‌సెట్ అంటే ఆలోచన తీరు. రీసెట్ మళ్లీ మొదటికి తేవడం. ఫోన్‌లో నొక్కేముందు ఫొటోలు దాచుకోండి.

చివరిగా, సెట్ దోసెలో సెట్ ఏంది మేడం?

రెండో మూడో కలిపి ఒక ప్లేటుగా ఇస్తారు కాబట్టి సెట్. కర్ణాటక వైపు నుంచి వచ్చింది. చిన్నగా, మందంగా, మెత్తగా ఉంటుంది. ఒకటే తెమ్మంటే సెట్ విడగొట్టం అంటారు కొన్నిచోట్ల. మన కారం దోసెకు ఆ బాధ లేదు, ఒక్కటే వస్తుంది, దానికే మంచినీళ్లు రెండు గ్లాసులు కావాలి.